వేలి వెంట కళ్ళు తిప్పితే భయం పోతుందా?

యాక్సిడెంట్ అయిన ఏడాది తర్వాత కూడా వైపర్ చప్పుడు వింటే నా చేతులు చల్లబడిపోయేవి. వానంటే భయం లేదు, చీకటంటే లేదు, రబ్బరు అద్దాన్ని రాసుకుంటూ వెళ్ళే ఆ కీచుమనే చప్పుడొక్కటే. ఆ రాత్రి కారు నడిపింది నేను. పక్క సీట్లో అక్క. ఎదురుగా రెండు లైట్లు, తర్వాత పెద్ద శబ్దం, ఆ తర్వాత అన్నీ ఆగిపోయినా వైపర్ మాత్రం ఏమీ జరగనట్టు ఆడుతూనే ఉంది. అక్కకి భుజం దగ్గర ఎముక విరిగింది, కొన్ని నెలల్లో అతుక్కుంది. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. అందుకే, నాకేదో అయిందని ఎవరికైనా చెప్పుకోవడానికే సిగ్గుగా ఉండేది.

నిద్ర బొత్తిగా పోయాక ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాను. రెండోసారి కలిసినప్పుడు ఆవిడ ఈఎమ్‌డీఆర్ గురించి చెప్పారు. పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. చేదు జ్ఞాపకాన్ని తలుచుకుంటూ ఆవిడ వేళ్ళ వెంట కళ్ళు అటూ ఇటూ తిప్పాలట. నిజం చెప్పాలంటే నాకు నమ్మకం కలగలేదు. ఇంత బాధని కళ్ళు తిప్పి పోగొడతారా అని కోపం కూడా వచ్చింది. ఇంటికొచ్చి కూర్చుని చదివాను. ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1987లో పార్కులో నడుస్తూ, తన కళ్ళు అటూ ఇటూ కదులుతున్నప్పుడు మనసుని తొలిచే ఆలోచనల తీవ్రత తగ్గుతోందని గమనించారట. దాని మీద ఆవిడ మొదటి అధ్యయనం 1989లో వచ్చింది. అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. తర్వాత పరిశోధనలు పెరిగాయి, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తాలూకు జ్ఞాపకాలు వదలకుండా వేధించే మానసిక సమస్యకి, సూచించిన చికిత్సల్లో ఇదీ చేరింది. అది చదివాక సరే, వెళ్దాం అనుకున్నాను.

మొదటి మూడు సెషన్లలో అసలు వేలే ఎత్తలేదు! నా గతం అంతా అడిగారు, నిద్ర గురించి అడిగారు. మనసులో ఒక ప్రశాంతమైన చోటు ఊహించుకుని, కంగారు పుట్టగానే అక్కడికి వెళ్ళి రావడం సాధన చేయించారు. చెయ్యి పైకెత్తితే వెంటనే ఆపేస్తానని మాటిచ్చారు. అప్పుడు టైమ్ వేస్ట్ అనిపించింది కానీ, తర్వాత నన్ను నిలబెట్టింది ఇదే.

నాలుగోసారి ప్రశ్నలు మారాయి. ఆ రాత్రిలో అన్నిటికంటే భరించలేని దృశ్యం ఏది? వైపర్. దాన్ని చూస్తుంటే మీ గురించి మీకేమనిపిస్తుంది? తప్పంతా నాదే. దాని బదులు ఏం అనుకోగలిగితే బాగుంటుంది? చాలాసేపు ఆలోచించి, చేయగలిగింది చేశాను, అన్నాను. ఆ మాట ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7లో చెప్పమన్నారు. ఒకటి. బాధ 0 నుంచి 10లో ఎంత? తొమ్మిది. ఒంట్లో ఎక్కడుంది? దవడలో. అప్పటిదాకా నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నానని నాకే తెలియదు.

తర్వాత రెండు వేళ్ళు నా ముందు అటూ ఇటూ కదిలాయి, ఓ అరనిమిషం. ఆగి, ఊపిరి పీల్చుకోమని, "ఇప్పుడేం వస్తోంది?" అని అడిగేవారు. నేను చెప్పింది విని విశ్లేషించేవారు కాదు, "సరే, దానితోనే ఉండండి" అని మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇది హిప్నాటిజం కాదు, నేను ఎక్కడున్నానో నాకు పూర్తిగా తెలుసు, ఆవిడ ఉంగరం మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఒకసారి లైట్లు, ఒకసారి కోపం, ఒకసారి సంబంధమే లేకుండా చిన్నప్పుడు అక్క నాకు సైకిల్ నేర్పిన రోజు. ఎన్నో విడతలయ్యాక ఒక గొంతు వినిపించింది. "నాకేం కాలేదు రా, నువ్వు బాగానే ఉన్నావా?" అక్క గొంతు. ఏడాదిగా నా జ్ఞాపకం వైపర్ దగ్గరే తెగిపోయేది, దాని తర్వాత ఈ మాట ఉందని నాకు గుర్తే లేదు. వెక్కివెక్కి ఏడ్చాను.

ఇదెలా పనిచేస్తుందన్న దాని మీద ఇంకా వాదనలున్నాయి. బాగా వినిపించే వివరణ ఏమిటంటే, అప్పటికప్పుడు విషయాలని పట్టి ఉంచే మన వర్కింగ్ మెమరీకి చోటు తక్కువ. జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే కదిలే వేలిని చూడాలంటే రెండిటికీ సరిపోదు, అందుకని ఆ దృశ్యం పదును తగ్గుతుంది. జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమే మందు, కళ్ళు తిప్పడం అదనం అనే నిపుణులూ ఉన్నారు. కళ్ళకి బదులు చేతుల మీద మార్చి మార్చి తట్టడం, చెవుల్లో శబ్దాలు వినిపించడం కూడా చేస్తారు. నా మటుకు నాకు వేళ్ళకంటే ఆ మూడు సెషన్ల తయారీయే ఎక్కువ మేలు చేసిందనిపిస్తుంది.

అందుకే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. ఫోన్‌లో కదిలే చుక్కని చూస్తూ దయచేసి ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించకండి. కళ్ళు తిప్పిన ఆ మొదటి సెషన్ తర్వాత రెండు రాత్రులు నాకు పీడకలలు వచ్చాయి, ఒళ్ళు హూనమైంది. అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. లోపల ఏముందో తెలియకుండా మూత తీస్తే, మళ్ళీ వెయ్యడానికి పక్కన శిక్షణ ఉన్న మనిషి ఉండాలి. ఇంకోటి, దీనికి గట్టి ఆధారాలు ఉన్నది పీటీఎస్‌డీ విషయంలో. ప్యానిక్ అటాక్‌లు, రకరకాల యాంగ్జైటీలకి కూడా వాడుతున్నారు కానీ అక్కడ ఆధారాలు అంత బలంగా లేవు. మీ సమస్యకి ఇది పనికొస్తుందా అని ముందే అడగండి, అడిగితే విసుక్కునే వాళ్ళయితే వేరే వాళ్ళని చూసుకోండి.

నాకు మొత్తం ఎనిమిది సెషన్లయ్యాయి. అప్పుడు తొమ్మిది అన్న బాధ కాస్తా ఒకటికి దిగింది. యాక్సిడెంట్ అంతా గుర్తుంది, కానీ ఇప్పుడది అయిపోయిన సంగతి. మొన్న వానలో నేనే నడిపాను, పక్కన అక్క. వైపర్ ఆన్ చేశాక దవడ కొంచెం బిగిసింది, వదిలేశాను. కాసేపటికి ధైర్యం చేసి అడిగాను, ఆ రాత్రి నాకేం కాలేదు రా అన్నావా అని.

"అన్నానా ఏంటి! నువ్వు మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ చెప్పాను" అంది.