ఒడియా అక్షరాల్లో ముస్తఫా పాట

జార్జ్ లూకస్ తీసిన ‘అమెరికన్ గ్రాఫిటీ’ ఈ మధ్యే చూశాను. 1973 నాటి సినిమా. కథంతా 1962లో ఒక్క రాత్రి, మొడెస్టో అనే ఊళ్లో జరుగుతుంది. లూకస్ పెరిగిన ఊరే అది. కుర్రాళ్లు కార్లేసుకుని తెల్లవార్లూ అవే వీధుల్లో తిరుగుతుంటారు. ఏ కారు దగ్గర నిలబడ్డా రేడియోలో ఒకే అనౌన్సరు గొంతు. ప్రేమకథ ఎవరైనా రాస్తారు. ఆ వయసు పిల్లలు ఎక్కడ చేరేవాళ్లో, ఏం వినేవాళ్లో మాత్రం అక్కడ తిరిగినవాడే చెప్పాలి. చూస్తున్నంతసేపూ నాకు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మన పర్లాకిమిడి, మన 1997 మెట్రిక్ బ్యాచ్ గుర్తొచ్చాయి.

‘ప్రేమదేశం’ 1996లో వచ్చింది. తమిళం నుంచి డబ్బింగే అయినా మనకది సొంత సినిమా. సగం క్లాసు అబ్బాస్ కటింగ్‌తో బడికొచ్చింది. డ్రిల్లు సార్ నూనె రాయించి దువ్వించినా, గేటు దాటగానే జుట్టు మళ్లీ నుదుటి మీద పడేది. రెహమాన్ పాటల కోసం సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం దాకా సైకిళ్లు తొక్కేవాళ్లం. ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇస్తే షాపతను రికార్డు చేసి పెట్టేవాడు.

ఆ చీటీ గురించే నేను అసలు రాయాలనుకున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో మనకు వచ్చింది ఒడియా రాత. ‘ముస్తఫా ముస్తఫా’ని ఒడియా అక్షరాల్లోనే రాసిచ్చాం. షాపతను కాగితం అటూ ఇటూ తిప్పి, “చదివి చెప్పండి బాబూ” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి క్యాసెట్ అట్టల మీద పేర్లు చూసి తెలుగు కూడబలుక్కున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో నేను అలా తెలుగు చదవడం నేర్చుకున్నాను.

తర్వాత వచ్చిన కాలేజీ సినిమాలు చాలా చూశాను. ‘హ్యాపీ డేస్’ అంటే ఇప్పటికీ ఇష్టం. కానీ “ఒరే, కాలి ఆసిబు కదా?” (రేపొస్తావు కదా) అని రెండు భాషలు కలిపి పిలుచుకునే కుర్రాళ్లు నాకు ఏ తెర మీదా కనబడలేదు. మన ఊరి నారోగేజి చిన్న రైలు 2004లోనే ఆగిపోయింది. దాన్ని సినిమాలో చూపించాలన్నా ఎక్కినవాళ్లే చెప్పాలి. మీ పాటల పుస్తకాలు పారేయకండి, ఈసారి కలిసినప్పుడు తీసుకురండి.

నాది ఇంకా ఉంది. మొదటి పేజీలన్నీ ఒడియాలో, చివరివన్నీ తెలుగులో. మధ్యలో ఒక పాటకు పల్లవి ఒడియా అక్షరాల్లో, చరణం తెలుగులో ఉంది.