సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారును ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా చూడాలి

వరంగల్, హన్మకొండల్లో మొదటిసారి స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్ల చూపు ఎక్కువగా పోలో జీటీ టీఎస్‌ఐ మీదనో, అబార్త్ పుంటో మీదనో, బడ్జెట్ ఉంటే ఆక్టేవియా ఆర్‌ఎస్ మీదనో పడుతుంది. మంచి బండి కావాలంటే వెతుకులాట హైదరాబాద్ దాకా పోతుంది. పొద్దున బయల్దేరి, మధ్యాహ్నం బండి చూసి, ఓ రౌండు తిప్పి, సాయంత్రానికి టోకెన్ ఇచ్చి రావడం దగ్గరే దెబ్బ తగిలేది. ఇంజిన్ జబ్బులు చల్లగా ఉన్నప్పుడు బయటపడతాయి, గేర్‌బాక్స్ జబ్బులు బాగా వేడెక్కాక బయటపడతాయి. అమ్మేవాళ్లు కాసేపు తిప్పి పెట్టిన బండిని ఐదు నిమిషాలు నడిపితే రెండూ కనపడవు.

అందుకే ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి: "అన్నా, పొద్దున ఏడింటికి వస్తా, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు." వెళ్లగానే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లెక్కలు చదివే చిన్న పరికరం) పెట్టి, ఇంజిన్ తిప్పకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత చూడండి. బయట 28 డిగ్రీలుంటే అక్కడా దాదాపు అంతే ఉండాలి. 60 చూపిస్తే బండిని ముందే వేడి చేసి పెట్టారని అర్థం. వాదించకుండా ఇంకో రోజు రండి.

స్టార్ట్ చేసిన మొదటి మూడు నాలుగు సెకన్లు ఎవరినీ మాట్లాడనివ్వకండి. పోలో జీటీలోని పాత 1.2 టీఎస్‌ఐ ఇంజిన్లలో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) సాగడం తెలిసిన జబ్బే. సాగితే స్టార్టింగ్‌లో గలగలమని చప్పుడొచ్చి ఆగిపోతుంది, వేడెక్కాక అసలు వినపడదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలు గానీ వాల్వ్ సీళ్లు గానీ పోయినట్టు. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కినా తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి దిగుతోంది. అలాంటి బండికి ఎంత ధర తగ్గించినా వద్దు. అబార్త్‌లోని 1.4 టీ-జెట్ ఇంజిన్‌కు చైన్ కాదు, బెల్టు ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసి, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

స్కానర్‌లో ఫాల్ట్ కోడ్లు (బండి కంప్యూటర్ నమోదు చేసే లోపాల గుర్తులు) లేవని సంబరపడొద్దు. కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా అందులోనే ఉంటుంది. అక్కడ 15 అని ఉంటే నిన్నో మొన్ననో చెరిపారన్నమాట.

ఇక వేడి పరీక్ష. పోలో జీటీ 1.2లో ఉన్నది డీక్యూ 200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని రెండు క్లచ్‌లూ పొడివి, చల్లబరిచే ఆయిల్ వాటికి అందదు. ట్రాఫిక్‌లో నత్తనడక నడిచినప్పుడల్లా అవి అరుగుతాయి, వేడెక్కుతాయి. కాబట్టి ఉప్పల్ వైపు రద్దీ వేళ అరగంటకు తగ్గకుండా నడపండి. ఆ తర్వాత బ్రేకు మీది కాలు నెమ్మదిగా తీస్తే బండి జారినట్టు కదలాలి, వణకకూడదు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు అదిరితే క్లచ్ ప్యాక్ చివరికొచ్చింది. సెల్లార్ పార్కింగ్ ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కించండి, గేరు పడటానికి ఆలస్యం కాకూడదు. డిస్‌ప్లేలో గేరు అక్షరం మిణుకుమిణుకుమంటే మెకట్రానిక్ యూనిట్ (గేర్‌బాక్స్‌ను నడిపే కంట్రోల్ భాగం) మీద అనుమానం, అది పెద్ద ఖర్చు. 2017లో వచ్చిన 230 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో క్లచ్‌లు ఆయిల్‌లో తడిసి ఉంటాయి, ట్రాఫిక్‌కు బాగా తట్టుకుంటాయి. కానీ ప్రతి 60,000 కిలోమీటర్లకు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు ఉండాల్సిందే.

రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేశారా అని సూటిగా అడగండి. పోలో జీటీ 1.2కి కంపెనీ ఇచ్చిన టార్క్ (తిప్పే బలం) 175 న్యూటన్ మీటర్లు, డీక్యూ 200 తట్టుకునేది 250. రీమ్యాప్‌తో ఆ అంచుకు చేరిన బండి క్లచ్ ఎంత మిగిలిందో పైనుంచి చెప్పలేం. ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ దగ్గరా చిక్కే.

తర్వాత లిఫ్ట్ ఎక్కించండి. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు తక్కువ ఎత్తు బండ్లను వదలవు. ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మీద గీతలు, ఊడిపోయిన అండర్ ట్రే (అడుగు కవర్), అల్లాయ్ లోపలి అంచులో వంపు చూడండి. రిమ్ము వంగితే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. టైరు మీది నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి ఎంత మిగిలినా, అంత పాత టైర్లకు కొత్తవాటి ఖర్చు కలుపుకోవాలి.

2020లో హైదరాబాద్, 2023 జూలైలో మన వరంగల్ ఎలా మునిగాయో తెలుసు కదా. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి బురద గీత ఉందేమో, సీటు పట్టాలు తుప్పు పట్టాయేమో, స్టెప్నీ గుంతలో ఒండ్రు ఉందేమో చూడండి. నీళ్లలో మునిగిన బండి వైరింగ్ ఏళ్ల తరబడి ఏడిపిస్తుంది.

కాగితాల్లో ఓనర్ పేరు మార్పుకు ఫారం 29, 30, ఫైనాన్స్ ఉంటే దాన్ని తీసేయడానికి 35. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీతో పాటు తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీ బండి చవక అని దిగే ముందు ఆ మొత్తం ఆర్టీఏ ఆఫీసులో అడిగి ధరకు కలపండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీకు రాదు. డెలివరీ తీసుకున్న తేదీ, టైమ్, మీటరు రీడింగ్ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, చలాన్ల గొడవ ఉండదు.

10 లక్షలు ఉంటే 8 లక్షల బండే చూడండి. మిగతా 2 లక్షలు మొదటి ఏడాదికి: ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ వెంటనే మార్చాలి. పెద్ద పనికి హైదరాబాదే దిక్కు. దాదాపు 145 కిలోమీటర్లు ఫ్లాట్‌బెడ్ (బండిని ఎక్కించుకుపోయే లారీ) మీద వెళ్లాల్సి రావచ్చు, కాబట్టి రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో పాలసీ తీసుకునేటప్పుడే చదవండి.

ఇంటికి తెచ్చేటప్పుడు జనగామ దగ్గర ఆపి, బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా మట్టం బయటినుంచే చూడండి. మూత మాత్రం వేడి మీద తిప్పొద్దు, మరిగే నీళ్లు మొహాన కొడతాయి.