బాపుకి షుగర్, కిడ్నీ రెండూ: డైటీషియన్ దగ్గరికి పోయినంక మా ఇంట్ల ఏం మారింది (నా అనుభవం)

ఇంట్ల షుగర్ తోటి పాటు కిడ్నీ సమస్య కూడా ఉన్న పెద్దమనిషి ఉంటే పొద్దున లేస్తే ఏం వండాలె అన్నదే పెద్ద పరేషాన్, అందుకే మా సంగతి కొంచెం వివరంగా రాస్తున్న, ఎవరికన్న పనికొస్తది. మాది పరకాల దగ్గర ఊరు, బాపు వ్యవసాయం చేస్తడు, పత్తి, మిర్చి. నేను హన్మకొండల జాబ్ చేస్త. బాపుకి షుగర్, బీపీ చానా ఏండ్ల సంది ఉన్నయి, గోలీలు టైముకి ఏసుకుంటడు కానీ తిండి గురించి కూసోబెట్టి చెప్పినోళ్లు లేరు. డాక్టర్ దగ్గర బయట అంత మంది లైన్ల ఉంటే ఆయన మాత్రం ఎంతసేపు చెప్తడు, "అన్నం తగ్గియ్యాలె, తీపి బంద్" అంటరు, అంతే.

ఈ మధ్య కాళ్లకు వాపులు వస్తే టెస్టులు చేపిచ్చినం. క్రియాటినిన్ (రక్తంల ఇది పెరిగితే కిడ్నీ సరిగ్గ పనిచేస్తలేదని లెక్క) 1.9, పొటాషియం 5.6, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. పొటాషియం మరీ పెరిగితే గుండె కొట్టుకునుడే గతి తప్పుతదని డాక్టర్ సాబ్ చెప్పి, దానికి మందు రాసి, చీటీ కింద డైటీషియన్‌ను కలవమని కూడా రాసిండు.

ఇగ ఇంటికి రాంగనే సలహాలు మొదలైనయి. మేనత్త రాగి జావ తాగమంటది, పక్కింటాయన రోజు కొబ్బరి నీళ్లు తాగితే కిడ్నీలు సాఫ్ అయితయంటడు, ఇంకొకరు పప్పు, గుడ్డు, కూర ముట్టనే వద్దంటరు. ఫోన్ల చార్ట్ పంపుత అన్న ఒక కోచ్ అయితే రిపోర్ట్ అడగకుండనే ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనమన్నడు, కిడ్నీ బాగలేని మనిషికి! అందరిది ప్రేమనే, ఆ పౌడర్ ఆయనది తప్ప. కానీ షుగర్‌కి మంచిదన్నది కిడ్నీకి పడదు, కిడ్నీకి మంచిదన్నది షుగర్‌కి పడదు, అమ్మ అయితే పొయ్యి ముందట నిలబడి ఏం పెట్టాలె బిడ్డా అని ఏడ్చినంత పని చేసింది.

డైటీషియన్‌ను ఎతుకుడు కూడా ఒక పనే. న్యూట్రిషనిస్ట్ అని బోర్డు ఎవరన్న పెట్టుకుంటున్నరు, చిన్న ఆన్‌లైన్ కోర్సు చేసినోళ్లు కూడా. మాకు తెలిసిన ఒక నర్సక్క చెప్పింది, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ల గానీ డైటెటిక్స్‌ల గానీ ఎమ్మెస్సీ చేసిన్రా, దవాఖానల పేషెంట్లను చూసిన అనుభవం ఉందా అడుగు, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పాసై పేరు పక్కన ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) అని ఉంటే ఇంకా మంచిది అని. అట్ల అడిగితే మంచోళ్లు ఏం అనుకోరు, మేము పోయిన మేడం అయితే ఆమెనే సర్టిఫికెట్ దిక్కు చూపెట్టిన్రు.

హన్మకొండ చౌరస్తా దాటినంక లోపటికి ఉంటది క్లినిక్. కూసోంగనే చార్ట్ ఇస్తరనుకున్న, ఇయ్యలే. ముందు రిపోర్టులు అన్ని చదివిన్రు, గోలీల కవర్ టేబుల్ మీద బోర్లిచ్చి ఒక్కొక్క షీట్ చూసిన్రు. బీపీ గోలీలల్ల కొన్ని పొటాషియంను పెంచుతయంట, అయినా మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్‌కి నేను రాసిస్త అన్నరు. తర్వాత బాపుతోని, "పెద్దయ్యా, నిన్న లేచినకాడి నుంచి పండుకునేదాంక ఏమేం తిన్నరో చెప్పుండ్రి" అని అడిగిన్రు. బాపు "ఏం తింటనమ్మా, రెండు బుక్కలు" అన్నడు. అమ్మ ఊకుంటదా, పొద్దుగాల చాయ్ తాగి గోలీ ఏసుకొని చేనుకు పోతడు, పదకొండుకు వణుకు పుట్టి చెమటలు పట్టంగ వస్తడు, అప్పుడు గిన్నెడన్నం తింటడు అని మొత్తం చెప్పింది. మేడం గిన్నెలు వరుసగ పెట్టి ఏ గిన్నె అంటే బాపు అన్నిట్ల పెద్దది చూపెట్టిండు.

అప్పుడు మేడం "ఇంట్ల ఏ ఉప్పు వాడుతున్నరు?" అని అడిగిన్రు. అమ్మ ధీమాగ, బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉండే ఉప్పు తెప్పిస్తున్నం అన్నది. వెంటనే ప్యాకెట్ ఫొటో తెప్పియ్యమన్నరు, ఇంటి దగ్గర ఉన్న మరదలు వాట్సాప్‌ల పంపింది, వెనక చిన్న అక్షరాలల్ల పొటాషియం క్లోరైడ్ అని ఉంది. సోడియం తగ్గియ్యడానికి దాని బదులు పొటాషియం కలుపుతరంట, మామూలు మనుషులకు మంచిదే కావచ్చు, కిడ్నీ దెబ్బతిన్నోళ్లకు మాత్రం ప్రమాదం. దానికి తోడు రోజు కొబ్బరిబోండాం, ఒక్క బోండాంల అరటిపండు కన్న ఎక్కువ పొటాషియం ఉంటదంట. డాక్టర్ రిపోర్ట్ చూసి చెప్తడు, నెట్ల చూస్తే లిస్ట్ దొరుకుతది, కానీ మా వంటింట్ల ఉన్న ఆ ప్యాకెట్ దాంక వచ్చి అడిగింది ఈ మేడం ఒక్కరే.

మామూలు ఉప్పుకే రమ్మన్నరు, కానీ కొలిచి. పెద్దోళ్లకు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొద్దున్నే అమ్మ ఆయన వంతు డబ్బీల తీసిపెడ్తది, అండ్లనే అన్నీ కావాలె. తొక్కులు, అప్పడాలు బంద్. ఇది బాపుకి అన్నిటికన్న కష్టమైంది, మామిడికాయ తొక్కు లేంది బుక్క దిగని మనిషి.

కూరగాయలు, ఆకుకూరలు చిన్నగ కోసి ఎక్కువ నీళ్లల్ల ఉడకపెట్టి ఆ నీళ్లు పారబోసి తర్వాత తాలింపు ఏసుకోమన్నరు, అట్ల చేస్తే పొటాషియం కొంత పోతది. చింతపండు కూడా లెక్కలకే వస్తది కాబట్టి పచ్చిపులుసు ఎప్పుడన్న ఒకసారి, పల్చగ. జొన్న రొట్టె గురించి నాకు కొత్తగ తెలిసిందేందంటే, పీచు ఎక్కువ గానీ పిండి పదార్థం బియ్యం కన్న మరీ తక్కువేం కాదు, 100 గ్రాములకు జొన్నలల్ల 68 గ్రాముల దాక అయితే బియ్యంల 78 దాక. రొట్టె తిని దాని మీద మళ్ల అన్నం తింటే షుగర్ ఎక్కడ తగ్గుతది. రాగి జావ కూడా అంతే, మెత్తటి పిండి ఉడికిచ్చి తాగితే తొందరగ అరిగి షుగర్ పెరుగుతది.

పప్పు, గుడ్డు మొత్తం మానేసుడు వద్దే వద్దన్నరు. బాపు 60 కిలోలు ఉంటడు, డయాలసిస్ దాక పోలేదు కాబట్టి కిలోకు 0.8 గ్రాముల లెక్కన రోజుకు 48 గ్రాముల ప్రోటీన్ పెట్టుకున్నరు. భయానికి అన్ని మానేస్తే కండ కరిగి మనిషి నీరసపడ్తడంట, అప్పటికే బాపు అంగీలు వదులైనయి. డయాలసిస్ మీద ఉన్నోళ్ల లెక్క ఏరే, వాళ్లకు ప్రోటీన్ ఎక్కువ కావాలె, అందుకే పక్కింటోళ్ల చార్ట్ మనకు పనికిరాదు.

చేన్ల వచ్చే వణుకు షుగర్ డౌన్ అయ్యే వచ్చేది. షుగర్ గోలీ ఏసుకుంటే తిని పోవాలె, కిడ్నీ పనిచేసుడు తగ్గినోళ్లకు కొన్ని షుగర్ మందులు ఒంట్ల ఎక్కువ సేపు ఉంటయి. షుగర్ మిషన్ల 70 కన్న తక్కువ చూపెడ్తే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగాలె, బత్తాయి రసం వద్దు, అండ్ల మళ్ల పొటాషియం. ఇప్పుడు జేబుల చక్కెర పొట్లం పెట్టుకొని పోతుండు.

తర్వాత చేపిచ్చిన టెస్టుల పొటాషియం 4.8కి వచ్చింది, డాక్టర్ ఇచ్చిన మందు, ఈ తిండి రెండిటి వల్ల. హెచ్‌బీఏ1సీ 7.3. క్రియాటినిన్ అట్లనే ఉంది, అది పెరగకుండ ఆగుడే మనకు కావాల్సింది అని మేడం ముందే చెప్పిన్రు కాబట్టి మేము నారాజ్ కాలే. సద్దుల బతుకమ్మ నాడు మలీద ఎంత తినొచ్చో కూడా అడిగి రాపిచ్చుకున్నం, దానికి బదులు ఆ పూట అన్నం ఎంత తగ్గియ్యాలెనో కూడా రాసిచ్చిన్రు.

మీరు పోయేటప్పుడు పాత, కొత్త రిపోర్టులు, ఏసుకునే గోలీలు అన్ని, ఆయుర్వేదం చూర్ణాలుంటే అవి కూడా పట్టుకపోండ్రి. ఇంట్ల వంట ఎవరు చేస్తే వాళ్లను తప్పకుండ తీస్కపోండ్రి, పేషెంట్ చెప్పే లెక్క ఏరే ఉంటది, వండేటోళ్ల లెక్క ఏరే ఉంటది.