కొండెక్కేటప్పుడు 22, దిగేటప్పుడు 3

ఇంటి నుంచి కొండ మీది ఊరు 310 కిలోమీటర్లు. అందులో చివరి 35 ఘాట్ రోడ్డు. కింది నుంచి పైదాకా ఎత్తు దాదాపు 1000 మీటర్లు. నా బండి ఎలక్ట్రిక్ కారు, దాని బ్యాటరీ 45 యూనిట్లు. కాగితాల మీద కిలోవాట్ అవర్ అని రాస్తారు గానీ, కరెంటు బిల్లులో యూనిట్ అనేది దాన్నే. సాఫీ రోడ్డు మీద 85 వేగం దాటకుండా పోతే 100 కిలోమీటర్లకు 14 యూనిట్లు తాగుతుంది. ఈ లెక్కన దారిలో ఒక్కచోట ఆగితే సరిపోతుంది. ముందు సీట్లో బాబాయ్, వెనక పిన్ని, మా ఆవిడ. బాబాయ్ ఏళ్ల తరబడి డీజిల్ బండి నడిపిన మనిషి. ఆయనకు కారంటే ఇంజిన్ చప్పుడు. అది వినపడకపోతే బండి ఆగిపోయిందేమోనని అనుమానం.

నిజానికి ఎలక్ట్రిక్ కారు అంత నిశ్శబ్దమేమీ కాదు. ఇంజిన్ మోత పోయేసరికి దాని వెనక ఇన్నాళ్లూ దాక్కున్న చప్పుళ్లన్నీ బయటికొస్తాయి. టైర్ల రొద, అద్దం దగ్గర గాలి ఈల, రోడ్డు మీది గులకరాయి ఎగిరి అడుగున తగిలిన టంగు, డిక్కీలో వాటర్ క్యాన్ దొర్లడం. సిమెంటు రోడ్డెక్కితే రొద పెరుగుతుంది, తారు రోడ్డెక్కితే తగ్గుతుంది. కళ్లు మూసుకుని కూర్చున్నా ఏ రోడ్డో చెప్పేయొచ్చు. ఊళ్లలో మెల్లగా పోయేటప్పుడు మాత్రం పాదచారులకు వినపడాలని బండే బయటికి సన్నటి కూత వదులుతుంది. గేదెలు ఆ కూతను ఖాతరు చేయవు. హారన్ కొట్టాల్సిందే.

మొదట ఆగాలనుకున్న చార్జర్ 150 కిలోమీటర్ల దగ్గర. యాప్‌లో రెండు గన్‌లూ (బండికి తగిలించే ప్లగ్గులు) ఖాళీ అని పచ్చగా చూపిస్తోంది. తీరా వెళ్తే ఒకదాని స్క్రీన్ నల్లగా పడుంది, రెండోది ఓ టాక్సీకి తగిలించి ఉంది. అక్కడ రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే అవతలివాళ్లు "యాప్‌లో రీస్టార్ట్ కొట్టండి సార్" అన్నారు. స్క్రీనే వెలగని దానికి రీస్టార్ట్ ఏమిటో! ఎలక్ట్రిక్ కారుతో నాకున్న అసలు పేచీ ఇదే. టెన్షన్ బ్యాటరీ వల్ల రాదు, చార్జర్ల వల్ల వస్తుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో దాంట్లో కొంత డబ్బు వేసి ఉంచాలి, ఓటీపీ రావాలంటే సిగ్నల్ ఉండాలి. పెట్రోలు పోయించుకోవడానికి ఎవరైనా ఫోన్‌లో ఖాతా తెరుస్తారా?

అయితే అప్పటికి చేతిలో ఇంకా 53 శాతం ఉంది. అందుకే ఏ చార్జర్‌నూ ఆఖరి దిక్కు అనుకుని వెళ్లకూడదు. దాని తర్వాతి చార్జర్ దాకా సరిపడా మిగుల్చుకునే వెళ్లాలి. ఈ బండి కొన్నవాళ్లకు త్వరలోనే పట్టుబడే అలవాటిది. ఇంకో 40 కిలోమీటర్లు పోయాం. అక్కడ 60 కిలోవాట్ల చార్జర్, రెండు గన్‌లు. ఒకదానికి ఇంకో కారు ఉంది కాబట్టి మాకు సగం, అంటే 30 అందుతుంది.

గన్ పెట్టగానే కరెంటు వచ్చేయదు. ముందు బండీ, చార్జరూ మాట్లాడుకుంటాయి. నాకు ఇంత వోల్టేజీ కావాలి, ఇంతకు మించి కరెంటు వద్దు అని బండి చెబుతుంది. ఇన్సులేషన్ సరిగా ఉందో లేదో చూసుకున్నాక, బండి లోపల టక్‌మని ఓ చప్పుడు. అది పడ్డాకే అంకెలు కదులుతాయి. ఆ టక్ వినేదాకా నేను అక్కణ్నుంచి కదలను. కాసేపటికి బ్యాటరీని చల్లబరచడానికి బండి ముందున్న ఫ్యాన్ హోరున తిరగడం మొదలుపెట్టింది. "ఇంజిన్ లేదన్నావు, ఇదేంట్రా?" అన్నాడు బాబాయ్, కాస్త ఆశగా.

చార్జర్ దగ్గర ఎదురుచూపుల్లో మాటలు కలవడం మామూలే. పెట్రోలు బంకులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, ఇక్కడ పది నిమిషాల్లో ఇంటి సంగతులు కూడా వచ్చేస్తాయి. పక్క కారు టాక్సీ. "కొన్నందుకు లాభమేనా అన్నా?" అని అడిగితే, ఆ డ్రైవరు డబ్బు సంగతి ఎత్తకుండా మోకాలు చూపించాడు. రోజంతా ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ రాత్రిళ్లు లాగేసేదట, ఇప్పుడా నొప్పి లేదట. టైర్లు మాత్రం పాత బండికన్నా త్వరగా అరిగిపోతున్నాయన్నాడు. అరగవూ మరి! బ్యాటరీ బరువుకు తోడు, కాలు పెట్టీ పెట్టగానే మోటారు బలమంతా చక్రానికి చేరుతుంది. అతని బండిలోది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ. అప్పుడప్పుడు పూర్తిగా 100 దాకా ఎక్కించకపోతే మీటరు అబద్ధాలు ఆడుతుందని చెప్పాడు. అది నిజమే. ఆ రకం సెల్‌లో సగం ఉన్నా, ముప్పావు ఉన్నా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, ఎంత మిగిలిందో బండికి సరిగ్గా తెలియదు. నిండుగా ఎక్కిస్తే లెక్క మళ్లీ దారిన పడుతుంది.

మా తర్వాత వంతు కోసం ఓ చిన్న కారులో ఒకావిడ వచ్చి ఆగింది. ఆవిడ బాధ వేరు. ఉండేది అపార్ట్‌మెంట్‌లో. పార్కింగ్‌లో తన సొంత మీటరు నుంచి వైరు లాగించుకుంటానన్నా, అగ్గి ప్రమాదమంటూ మిగతావాళ్లు ఒప్పుకోలేదట. చివరికి వైరు, బ్రేకరు, ఎర్తింగు ఎలక్ట్రీషియన్‌తో అందరి ముందూ చూపించాక గానీ సంతకాలు పడలేదు. "ఇంట్లో ప్లగ్గుంటే ఈ కారంత సుఖం లేదు. లేకపోతే వద్దనే చెప్తాను అన్నయ్యా" అంది. నన్నడిగినా ఇదే చెబుతాను. రోజువారీ వాడకంలో ఎలక్ట్రిక్ కారు మంచీచెడ్డా సగం ఆ ప్లగ్గు దగ్గరే తేలిపోతుంది.

80 శాతం కాగానే గన్ తీసేశాను. ఇంకా ఎక్కుతుంది కదా అని బాబాయ్ గొడవ. ఎక్కుతుంది గానీ అక్కణ్నుంచి ధార సన్నబడుతుంది. సెల్ వోల్టేజీ పై హద్దుకు చేరేకొద్దీ కరెంటు తగ్గించకపోతే, లిథియం లోపలికి ఇంకకుండా పైన పేరుకుపోయి బ్యాటరీ పాడవుతుంది. అందుకే బండే తగ్గించేసుకుంటుంది. 80 నుంచి 100కు పట్టే టైములో హాయిగా ముందుకు పోవచ్చు.

"పెట్రోలు బండికి ఈ తిప్పలు ఎప్పుడూ లేవు" అన్నాడు బాబాయ్ బండి కదిలాక. మొదట్లో ఉన్నాయి. 1888 ఆగస్టులో, తొలి పెట్రోలు కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు దాదాపు 106 కిలోమీటర్లు కారు నడిపింది. కారులో అంత దూరం పోవడం అదే మొదటిసారి. అప్పటికి బంకులెక్కడివి? వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం కొని పోసుకుంది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. పల్లాల్లో చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. ఇదంతా చెప్తే బాబాయ్, "అయితే నన్నూ దిగి తొయ్యమంటావా?" అన్నాడు.

ఆ అవసరం రాలేదు. ఘాట్ మొదట్లో 54 శాతం. ఈ కార్లకు ఘాట్ ఎక్కడం ఇంత తేలికని నడిపితే గానీ నమ్మలేం. హెయిర్‌పిన్ మలుపులో లారీ వెనక పూర్తిగా ఆగి మళ్లీ బయల్దేరాలంటే క్లచ్, బ్రేకు, గేరు మధ్య పడే హైరానా ఏదీ లేదు. మోటారుకు సున్నా వేగం దగ్గరే పూర్తి బలం ఉంటుంది కాబట్టి, కాలు కాస్త ఆనిస్తే గుక్క తిప్పుకోకుండా ఎక్కేస్తుంది. శాతం మాత్రం కళ్లముందే పడిపోతోంది. మిగిలిన దూరం చూపించే అంకె ఇంకా ఘోరం. పైకి చేరేసరికి బ్యాటరీ 32 శాతం, మిగిలిన దూరం 60 కిలోమీటర్లు! "ఇంటికెళ్లేదెలారా?" అని పిన్ని అడగనే అడిగింది. ఆ అంకె జోస్యం చెప్పదు. ఇప్పటిదాకా ఎలా నడిచిందో చూసి, ఇకముందూ అలాగే కొండెక్కుతూ పోతామనుకుని లెక్క వేస్తుంది. నేను దాన్ని చూడటం మానేసి చాలా కాలమైంది. శాతం చూసుకుంటే చాలు.

బస చేసిన చోట ఫాస్ట్ చార్జర్ లేదు, మామూలు 15 యాంప్ ప్లగ్గు ఉంది. బండితో వచ్చిన చార్జర్ పెడితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. ఎర్తింగ్ లేకపోతే ఇది చార్జ్ చేయనని మొండికేస్తుంది, చేయకూడదు కూడా. వాచ్‌మన్ టెస్టర్ తెచ్చి "కరెంటు వస్తోంది కదా సార్" అంటాడు. వస్తోంది, ఎర్త్ తీగే లేదు. వరండా ప్లగ్గూ అంతే. చివరికి నీళ్ల మోటారు కోసం పెట్టిన పాయింటుకు సరైన ఎర్తింగ్ ఉందని తేలింది. పచ్చ లైటు వెలిగింది. ఆ ప్లగ్గు నుంచి గంటకు 3 యూనిట్లు వస్తాయి, అందులో కొంత దారిలోనే వేడిగా పోతుంది. రాత్రంతా ఎక్కి, తెల్లారేసరికి 90.

అక్కడితో ఆపేశాను. 100 దాకా నింపి కొండ దిగకూడదు. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ వదిలితే మోటారే డైనమోలా తిరిగి, చక్రాల వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. బండి నెమ్మదించేది అలాగే. రీజెన్ అంటారు. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, రీజెన్ తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. 10 శాతం ఖాళీ ఉంచితే 35 కిలోమీటర్లు బ్రేకు పెడల్ మీద కాలు పెట్టే పని పెద్దగా పడదు. పడలేదు కూడా. కింద ఆగాక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు బాబాయ్. డీజిల్ బండితో ఇదే రకం ఘాట్ దిగితే బ్రేకులు కాలిన వాసన వచ్చేదట. ఇక్కడ వాసనా లేదు, సెగా లేదు.

పిన్నికి మాత్రం రీజెన్ పడలేదు. మొదట్లో దాన్ని ఎక్కువలో పెట్టాను. కాలు తీసినప్పుడల్లా వెనక కూర్చున్నవాళ్ల తల ముందుకు ఊగుతుంది. నడిపేవాడికి అది తెలియదు. నాలుగో మలుపులో పిన్ని కడుపులో తిప్పుతోందంది. తక్కువలోకి మార్చి, కాలు ఒక్కసారిగా తీయకుండా కొద్దికొద్దిగా వదిలితే సర్దుకుంది. అమ్మకాల దగ్గర టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేవాళ్లు ముందు సీట్లోనే కూర్చుని తిరిగొస్తారు, వెనక సీట్లో కూడా ఓ చుట్టు కూర్చుని చూడాలి.

కింద మీటరు 93 చూపించింది. "ఎక్కేటప్పుడు 22 మింగి, దిగేటప్పుడు 3 ఇచ్చిందా? వడ్డీ వ్యాపారి నయం" అన్నాడు బాబాయ్. చూడ్డానికి అలాగే ఉంది. నలుగురితో, సామానుతో 2 టన్నులు దగ్గరున్న బండిని 1000 మీటర్లు లేపడానికే ఐదున్నర యూనిట్లు కావాలి. దిగేటప్పుడు ఆ ఐదున్నరలో కొంత టైర్ల రాపిడికి, కొంత గాలికి, కొంత ఏసీకి పోగా మిగిలిందే బ్యాటరీకి చేరుతుంది. కానీ ఆ 35 కిలోమీటర్లూ బ్యాటరీ నుంచి పైసా ఖర్చు లేకుండా నడిచామన్న మాట మర్చిపోకూడదు. రెండూ కలిపితే 70 కిలోమీటర్లకు 19 శాతం. కింద సాఫీ రోడ్డు మీద 85 వేగంతో 70 కిలోమీటర్లు పోయినా 20కి పైనే అవుతుంది! అంటే ఈ బండికి కొండ బరువు కాదు. దాన్ని తినేది వేగం.

అది బాబాయే రుజువు చేశాడు. కింద స్టీరింగ్ ఆయనకిచ్చాను. నాలుగు వరసల రోడ్డు ఖాళీగా కనపడగానే 110 పట్టించాడు. చప్పుడు లేదు కాబట్టి అంత వేగం పోతున్నట్టు ఆయనకే తెలియలేదు. 100కు 14 తాగే బండి పద్దెనిమిదిన్నరకు చేరింది. గాలి పెట్టే అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 85 నుంచి 110కి వెళ్తే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నేను ఇదంతా చెప్పి, నెమ్మదిగా పో బాబాయ్ అన్నాను. ఆయన కాసేపు మనసులో ఏదో లెక్క కట్టి, నన్నే అడిగాడు: "275 కిలోమీటర్లు 110లో పోతే ముప్పావు గంట కలిసొస్తుంది కదరా. ఎక్కువ తాగిన 12 యూనిట్లు ఆ చార్జర్‌లో ఎక్కించడానికి ఎంతసేపు?"

30 కిలోవాట్లు అందితే 25 నిమిషాలు. అంటే గట్టిగా తొక్కినా ఆయన 20 నిమిషాలు ముందే ఉంటాడు. కాదనలేకపోయాను. కాకపోతే ఆ 20 నిమిషాలు దక్కాలంటే చార్జర్ పనిచేస్తూ ఉండాలి, ఖాళీగా ఉండాలి. ఆ రోజు రెండూ కుదిరాయి.