తొంభై లీటర్లు, పది బకెట్లు

బండి అద్దెకిచ్చిన కుర్రాడు ఇన్వర్‌నెస్‌లో మాకు గంటసేపు అన్నీ చూపించాడు. గ్యాస్ ఎలా తిప్పాలి, పడకలు ఎలా దించాలి, ఫ్రిజ్‌ని కరెంటు నుంచి గ్యాస్‌కి ఎలా మార్చాలి, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. చివర్లో వంగి, ఎడమ వెనక చక్రం పక్కన కిందికి వేలాడుతున్న ఒక గొట్టాన్ని చూపించి, "వాడిన నీళ్లు ఇక్కణ్నుంచి వదిలెయ్యండి" అని లేచి చేతులు దులుపుకున్నాడు. ఎక్కడ వదలాలో అతను చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు.

జులై చివరి వారం అది. స్కాట్లండ్ ఉత్తరపు కొసను చుట్టి వచ్చే దారికి నార్త్ కోస్ట్ 500 అని పేరు. ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై 516 మైళ్లు తిరిగి మళ్లీ అక్కడికే చేరుతుంది. 2015లో ఆ పేరు పెట్టి ప్రచారం చేశాక ఎక్కడెక్కడి వాళ్లో వస్తున్నారు. మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వెళ్లాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా పాప, తెనాలి దగ్గర మా ఊరి నుంచి మూడు నెలలుండి వెళ్దామని వచ్చిన అమ్మ. అమ్మ బయట వండింది తినదు. అందుకే హోటళ్లు మానేసి, వంటిల్లు వెంట వచ్చే మోటర్‌హోమ్ తీసుకున్నాం.

బండిలో మంచినీళ్ల ట్యాంకు వంద లీటర్లు. సింకులోంచి, స్నానాల గదిలోంచి పోయే నీళ్లన్నీ బండి కింద ఇంకో ట్యాంకులో చేరతాయి. అది తొంభై లీటర్లు. ఇక్కడి వాళ్లు ఆ నీళ్లని గ్రే వాటర్ అంటారు. టాయిలెట్‌ది వేరే. అది కేసెట్ అని పెట్టెలా ఉండి, బయటి తలుపు తీసి లాగితే వచ్చేస్తుంది. దాన్ని మోసుకెళ్లి పారబోసే చోటు చిన్నదో పెద్దదో దాదాపు ప్రతి క్యాంప్‌సైట్లోనూ ఉంటుంది. చిక్కంతా గ్రే వాటర్‌తోనే. కేసెట్‌ని చేత్తో పట్టుకెళ్లొచ్చు గానీ, బండి అడుగున బిగించిన తొంభై లీటర్ల ట్యాంకును ఎలా పట్టుకెళ్తాం? బండే తూము మీదికి రావాలి. నేల మీద జాలీ వేసి, దాని మీదికి బండి ఎక్కేలా చదునుగా కాంక్రీటు పోసిన చోటు కావాలి. ఫ్రాన్స్‌లో బ్రిటనీ వెళ్లినప్పుడు చిన్నచిన్న ఊళ్లలో కూడా అలాంటివి చూశాం. ఊరి పంచాయతీయే కట్టించి పెట్టింది. అన్నిచోట్లా అలాగే ఉంటుందనుకున్నాం.

మొదటి మూడు రోజులూ పడమటి తీరం వెంట వెళ్లాం. యాపిల్‌క్రాస్‌కి పోయే బెయలాక్ న బా కనుమ ఎత్తు 626 మీటర్లు. పెద్ద బండ్లు రావద్దని కిందే బోర్డు ఉంటుంది, అందుకని అటు పోలేదు. గేర్‌లాక్ మీదుగా అల్లాపూల్ చేరాం. 1788లో చేపల వేట కోసం ప్లాను గీసి కట్టిన ఊరు అది. తెల్లటి ఇళ్లు వరసగా నీళ్లకి ఎదురుగా నిలబడి ఉంటాయి. అక్కణ్నుంచి పైకి వెళ్లేకొద్దీ ఒక బండి పట్టేంత రోడ్డు, ఎదురొచ్చేవాళ్ల కోసం అక్కడక్కడా పక్కకి జరిగే చోట్లు. సూల్‌వెన్ కొండ ఒక్కటే లేచి నిలబడ్డ చోట అమ్మ బండి ఆపించి, కిటికీలోంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

నాలుగో రోజు సాయంత్రం లాకిన్వర్ దాటాక సముద్రం ఒడ్డున చిన్న క్యాంప్‌సైట్‌కి చేరేసరికి, తలుపు మీదున్న పలకలో ఎర్ర దీపం వెలిగింది. మురుగు ట్యాంకు నిండింది. మధ్యలో ఒక రాత్రి ఆగిన చోట తూము లేదు. ముందుంటుందిలే అనుకుంటూ వచ్చాం.

ఇక్కడా లేదు. కేసెట్ పారబోసే చోటుంది, మంచినీళ్ల కుళాయి ఉంది, బాత్రూముల గోడ వెనక గిన్నెలు కడిగే చోట చిన్న తూము ఉంది. మేమున్న చోటి నుంచి అక్కడికి డెబ్బై అడుగులు, మధ్యలో మూడు మెట్లు. బండి అక్కడికి వెళ్లదు. సైటు నడిపే పెద్దావిడని అడిగితే, "మోసుకెళ్లి అందులో పొయ్యండి, అందరూ అదే చేస్తారు" అంది. సైటు కట్టిన రోజుల్లో వచ్చేవి గుడారాలూ, కారు వెనక తగిలించి లాక్కొచ్చే కారవాన్లేనట. కారవాన్ల వాళ్లు చక్రాలున్న డబ్బాలో మురుగునీళ్లు పట్టి దొర్లించుకుంటూ తూముదాకా పోతారు, వాళ్లకి ఇబ్బంది లేదు. మోటర్‌హోమ్‌లు తర్వాత పెరిగాయి. కింద అంతా రాయి, తవ్వాలంటే ఖర్చు, పైగా ఉన్నదల్లా ఒక్క సెప్టిక్ ట్యాంకు అని చెప్పింది. ఆవిడ కష్టం నాకు అర్థమైంది. అయినా నాకనిపించింది ఇది: మోటర్‌హోమ్‌లకు చోటుంది అని రోడ్డు మీద బోర్డు పెట్టి, మోటర్‌హోమ్ అని రాసి రాత్రికి డబ్బు తీసుకున్నప్పుడు, దాని మురుగు పోయే దారి కూడా ఆ డబ్బులోదే. చిన్న సైట్లకి అంత స్తోమత లేకపోతే, ఈ దారికి పేరు పెట్టి జనాన్ని పిలిచినవాళ్లు ఊరికొకటి కట్టించాలి.

బకెట్ తెచ్చి గొట్టం కింద పెట్టబోయాను. పట్టలేదు. గొట్టానికీ నేలకీ మధ్య జానెడే ఉంది, బకెట్ అంతకంటే ఎత్తు.

అమ్మ మెట్టు మీద కూర్చుని చూస్తోంది. "ఒరే, అంత గడ్డి ఉంది కదరా, దాని మొదట్లో వదిలెయ్యి. నీళ్లేగా" అంది.

అమ్మ మాటలో తప్పు లేదు. మా ఊళ్లో ఇంట్లో వాడిన నీళ్లు వృథాగా పోయేవి కావు. బియ్యం కడిగిన నీళ్లూ గంజీ కుడితి తొట్టిలోకి, గేదెలకి. స్నానాల నీళ్లు అరటిపాదుకి. అంట్లు తోమిన నీళ్లు కొబ్బరి మొదట్లోకి. అప్పుడు తోమింది బూడిదతో, చింతపండుతో. పెరటి మట్టి నల్లరేగడి, నిలువెత్తు లోతు. ఇక్కడ రాతి మీద పీట్ అనే నల్లటి మెత్తటి పొర, కొన్నిచోట్ల బెత్తెడు కూడా ఉండదు. వానలకి అది ఎప్పుడూ నానే ఉంటుంది. మనం పోసింది కిందికి ఇంకదు, వాలుకి జారి వాగులో కలుస్తుంది. ఈ కొండల్లో చాలా ఇళ్లకి ఊరి కుళాయి లేదు, వాగుకో ఊటకో గొట్టం వేసుకుని ఆ నీళ్లే తాగుతారు. ఆ పెద్దావిడ ఇంటి గొట్టం కూడా పైనున్న వాగులోంచే వస్తుంది. మా తొంభై లీటర్లలో షాంపూ ఉంది, టూత్‌పేస్టు ఉంది, గిన్నెల సబ్బు ఉంది, నూనె ఉంది. మా తర్వాత ఇంకో బండి, దాని తర్వాత ఇంకోటి. అమ్మకి ఇదంతా చెప్పాను. "కింద ఇళ్లవాళ్లు ఆ నీళ్లు తాగుతారా?" అని ఒక్కటే అడిగింది. ఇక గడ్డి మాట ఎత్తలేదు.

పక్క కారవాన్ పెద్దాయన ఇదంతా చూసి వచ్చాడు. లీడ్స్ అనగానే తనదీ ఆ యార్క్‌షైర్ ప్రాంతమే అని సంబరపడ్డాడు. బండి వంకర లేకుండా నిలబెట్టడానికి చక్రాల కింద పెట్టే పసుపు రంగు ప్లాస్టిక్ దిమ్మెలు మా బండిలోనూ ఉన్నాయి. వాటి మీదికి వెనక ఎడమ చక్రాన్ని ఎక్కించమన్నాడు. ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ లాగి దిగి చూస్తే బకెట్‌ని కొంచెం వాల్చి తోస్తే పట్టేంత ఎడం వచ్చింది.

వాల్వు పిడి మెల్లగా తిప్పాను. ఏమీ రాలేదు. ఇంకాస్త తిప్పాను. గొట్టం మూతికి అడ్డంగా ఒక కరివేపాకు రెబ్బ ఇరుక్కుని ఉంది. పుల్లతో లాగాను. ఒక్కసారిగా పసుప్పచ్చటి నీళ్లు, పైన సన్నటి నూనె తెట్టు, అందులో ఆవాలు. పులిసిన పప్పుచారు వాసన, దాని మీద షాంపూ వాసన. నాలుగు రోజుల మా వంటా, మా స్నానాలూ ఆ బకెట్లో కనిపించాయి. ముప్పావు నిండగానే పిడి తిప్పి కట్టేయాలి. మొదటిసారి ఒక్క క్షణం ఆలస్యమైతే మోచేతిదాకా తడిసింది.

అప్పుడే మిడ్జ్‌లు లేచాయి. నువ్వు గింజలో సగం కూడా ఉండని పురుగులు, గాలి పడిపోయిందంటే చాలు, మబ్బులా కమ్ముకుంటాయి. రెండు చేతులా బకెట్ ఉంటే మొహం మీద వాలినవాటిని తోలుకోలేం. రాత్రి పదింటిదాకా వెలుతురుండే చోటు కాబట్టి దారైనా కనిపించింది. డెబ్బై అడుగులు, మూడు మెట్లు, తూము, వెనక్కి. పాప నా వెనకే నడుస్తూ లెక్కపెట్టింది. ఎనిమిదో బకెట్ తర్వాత ధార సన్నబడింది. వెనక చక్రం ఎత్తాం కదా, మిగిలిన నీళ్లు ట్యాంకు ముందువైపుకి జరిగాయి. వెనక చక్రం దించి, దిమ్మెలు ముందు చక్రాల కింద పెట్టి, ఎత్తు తక్కువున్న ట్రే ఒకటి పెద్దాయన దగ్గర తీసుకుని, ఆ అడుగు నీళ్లు పట్టి బకెట్లో ఒంపుకున్నాను. ఇంకో రెండు బకెట్లు. మొత్తం పది.

ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసే తొంభై లీటర్లు అంత బరువని నాకు అప్పటిదాకా తెలీదు.

మర్నాటి నుంచి మా బండిలో వంటిల్లు మారింది. మార్చింది అమ్మే. సింకు తూముకి పాత కాటన్ పంచె ముక్క కట్టింది. కంచాలు, మూకుడు కడిగే ముందు కాగితంతో గట్టిగా తుడిచి ఆ కాగితం చెత్తసంచిలో వెయ్యమంది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టి, దానితోనే అంట్లకి మొదటి తడుపు. తాలింపులో కరివేపాకు మటుకు మానలేదు. కాకపోతే తిన్నాక కంచంలోంచి ఏరి పక్కన పెట్టింది. స్నానాలు క్యాంప్‌సైట్ బాత్రూముల్లోనే అని మా ఆవిడ తేల్చింది. నాలుగు రోజులకే నిండిన ట్యాంకు ఈసారి అయిదో రోజుకి గానీ సగం దాటలేదు.

కేసెట్ సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు పొద్దున్నే నేను దాన్ని తీసుకెళ్తుంటే అమ్మ మొహం మాడిపోయింది. "నువ్వెందుకురా ఆ పని? ఎవరూ ఉండరా?" అంది. ఇక్కడ ఎవరూ ఉండరు. ఉండకూడదు కూడా. పొద్దున్న ఏడింటికి ఆ చోట వరసలో డాక్టరు ఉంటాడు, లారీ డ్రైవరు ఉంటాడు, ఎవరి పెట్టె వాళ్లదే. ఆ రాత్రి అమ్మ తన చిన్నప్పటి సంగతి చెప్పింది. మరుగుదొడ్డిలోది ఎత్తుకెళ్లడానికి దొడ్డిదారిన తెల్లవారకముందే ఒకావిడ వచ్చేదట, తట్టా రేకూ పట్టుకుని. అమ్మావాళ్లు ఆవిడ వచ్చే వేళకి తలుపులు వేసుకునేవారట. "ఆవిడ పేరేంటో నాకిప్పటికీ తెలీదురా" అంది. ఆ పని మనుషులతో చేయించకూడదని మన దేశంలో 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేశారు. కోలార్ బంగారు గనుల్లో అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దాన్ని ఆపించడానికే జీవితం ధారపోశాడు, 2016లో మెగసెసె అవార్డు అందుకున్నాడు. అయినా సెప్టిక్ ట్యాంకుల్లోకీ మ్యాన్‌హోళ్లలోకీ దిగి చనిపోయినవాళ్ల వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగులుతుంది. ఆ మర్నాడు నేను కేసెట్ తీస్తుంటే, అమ్మ కడగడానికి నీళ్ల సీసా పట్టుకుని నా పక్కనే నడిచింది.

నాకు కోపం తెప్పించింది ఇంకోటి ఉంది. డర్నెస్ వైపు వెళ్తుంటే మా ముందు పోతున్న మోటర్‌హోమ్ కింది నుంచి రోడ్డు పొడుగునా తడి చార పడుతోంది. వాన లేదు. గొట్టం తెరిచే నడుపుతున్నారు. పక్కనే లాక్, అంటే సరస్సు, అద్దంలా ఉంది. పక్కకి జరిగే చోట వాళ్లు ఆగితే నేనూ ఆగి, దిగి చెప్పాను. "సైట్లో తూము లేదు, ఏం చెయ్యమంటారు?" అన్నాడు ఆ మనిషి. తూము లేదన్నది నిజమే. కానీ ఆ నీళ్లు తాగేవాళ్లకి అది జవాబు కాదు. మా దిమ్మెల ఉపాయం చెప్పాను, డెబ్బై అడుగులు మోసిన సంగతీ చెప్పాను. అతను ఏమీ అనకుండా వంగి వాల్వు కట్టేశాడు.

ఉత్తరపు తీరమంతా తిరిగి తూర్పు వైపుకి మళ్లాక, ఒక పెద్ద క్యాంప్‌సైట్ గేటు లోపలే కనిపించింది. చదునుగా కాంక్రీటు, మధ్యలో ఇనప జాలీ, కడగడానికి పక్కన వేరే కుళాయి, దాని మీద మంచినీళ్లు కావని బోర్డు. పాప కిందికి దిగి, గొట్టం సరిగ్గా జాలీ మీదికి వచ్చేదాకా "ఇంకా నాన్నా, ఇంకా, ఇంకా, చాలు" అని చేత్తో సైగలు చేసింది. వాల్వు తిప్పాను. రెండు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఈసారి నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. చివర్లో మాత్రం ఒక కరివేపాకు కొట్టుకొచ్చి జాలీ మీద ఆగింది. అమ్మ వంగి, దాన్ని కాగితంతో తీసి చెత్తసంచిలో వేసి, జాలీ మీద రెండు చెంబుల నీళ్లు పోసింది.