గంట పని చేస్తే ఉద్యోగం ఉన్నట్టేనా?

ఉపాధి సర్వేల్లో ఉద్యోగం, నిరుద్యోగం ఎలా తేలుస్తారో ఈమధ్య చదివా, తల తిరిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం గడిచిన వారంలో జీతానికో లాభానికో ఒక్క గంట పని చేసినా చాలు, ఉపాధి ఉన్నట్టే! నిరుద్యోగి అనిపించుకోవడమే కష్టం. పని ఉండకూడదు, గత 4 వారాల్లో వెతికి ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. విసుగొచ్చి నేను అప్లికేషన్లు పెట్టడం మానేసిన రోజుల్లో ఆ లెక్కన నిరుద్యోగిని కూడా కాదన్నమాట, శ్రామిక శక్తికి బయట ఉన్నట్టు, అంటే నిరుద్యోగ రేటు కట్టేటప్పుడు లెక్కలోకే రాను. పొద్దస్తమానం ఇంటి చాకిరీ చేసే అమ్మలూ అక్కడే. కేవలం ఇంటి తిండికి పండించుకునేవాళ్లనీ ఆ సంస్థ 2013 ప్రమాణాలు ఉపాధిలోంచి తీసేశాయి, అది పనేనని ఒప్పుకుంటూనే! రేటు తగ్గిందనే వార్త కనిపిస్తే ఇప్పుడు ముందు నేను చూసేది, ఎంతమంది వెతకడం మానేశారని.