రెండో రివ్యూయర్ అడిగిన సీసా

నిన్న రాత్రి మెయిల్ వచ్చింది, నా పేపర్ తీసుకున్నారట. మూడు పేజీల నోటుకి పదిహేడు నెలలు!

సంగతి చిన్నదే. సముద్రం నీళ్లు తీసిన వేళ ఒడ్డు బురదని అర మిల్లీమీటరు జల్లెడలో కడిగితే దొరికే పాలీకీట్ పురుగుల (ఒంటికి ముళ్లలాంటి వెంట్రుకలుండే సముద్రపు పురుగులు) జాబితా. సేకరణ, లెక్కలు, పట్టికలు ఇట్టే అయిపోయాయి. ముందు పేరున్న అంతర్జాతీయ జర్నల్‌కి పంపితే రివ్యూ దాకా, అంటే తోటి శాస్త్రవేత్తలు పరిశీలించే దాకా కూడా పోనివ్వలేదు, ‘స్థానిక ఆసక్తి మాత్రమే’ అని నాలుగు రోజుల్లో తిప్పికొట్టారు. వాళ్ల ఒడ్డేమో ప్రపంచానిది, మాది మాత్రం స్థానికం!

అప్పుడు మా తీరం గురించే వేసే ప్రాంతీయ జర్నల్‌కి పంపాను. చిన్నచూపుతోనే పంపాను, ఇక్కడైతే కళ్లు మూసుకుని వేసేస్తారని.

మొదటి రివ్యూయర్ అచ్చుతప్పులు పట్టి వదిలేశారు. రెండో ఆయన ఉతికి ఆరేశారు. నా జాబితాలో కాపిటెల్లా కాపిటాటా అనే పురుగు ఉంది. ‘ఏ కీ చూసి ఈ పేరు పెట్టారు?’ కీ అంటే లక్షణాలు ఒక్కొక్కటే చూసి జాతిని గుర్తుపట్టే పట్టిక. నేను చూసింది యూరప్ పురుగుల కోసం రాసిన కీ. ఆ ఒక్క పేరు చాటున చూడ్డానికి ఒకేలా ఉండే ఆరు జాతులు ఉన్నాయని 1976లోనే తేలింది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని, జాబితా దగ్గర మర్చిపోయాను.

తర్వాతి ప్రశ్న: ‘నమూనా ఏ మ్యూజియంలో ఉంది? నంబరెంత?’

మ్యూజియమా? ల్యాబ్ బీరువాలో ఉంది. తీసి చూస్తే ఆల్కహాల్ ఆవిరైపోయి పురుగులు సీసా అడుగున అట్టకట్టాయి. స్టిక్కర్ మీద పెన్ను రాత అలుక్కుపోయింది. మిగతావి ఫార్మలిన్‌లో నానినవి, డీఎన్ఏ పరీక్షకి పనికిరావు. స్టిక్కర్ చాలన్న సీనియర్‌ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చీటీ పెన్సిలుతో రాసి సీసా లోపలే వెయ్యండి.

అంతటితో పోలేదు. ఈ తీరంలో మొదటిసారి దొరికిందని నేను ‘కొత్త రికార్డు’ అని శీర్షికలో పెట్టుకున్న ఇంకో పురుగు అదే జర్నల్ పాత సంచికలో ఉందట. ముప్పై ఏళ్ల కిందటి రెండు పేజీలు, చేత్తో గీసిన బొమ్మ, ఇదే తీరం. నెట్‌లో ఎంత వెతికినా అది దొరకదు, లైబ్రరీ దుమ్ములో దొరికింది. మా గైడ్ ‘నేను ముందే చెప్పాగా’ అన్నారు. చెప్పలేదు.

మళ్లీ బురదలో దిగాను. ఈసారి సగం పురుగులు 95 శాతం ఆల్కహాల్‌లో, సగం మ్యూజియానికి. ‘కొత్త రికార్డు’ తీసేశాను, కాపిటెల్లా పక్కన ‘జాతి తేలలేదు’ అని రాశాను. బొమ్మలు మాత్రం నేనే గీశాను, ఒక్క గీత కూడా మార్చమనలేదు.

రెండో రివ్యూయర్ ఎవరో చెప్పరు కదా. ఆ పాత బొమ్మ గీసినాయనే అని నా అనుమానం.